బాష్ భక్తుడా, మతద్రోహా?

మాడ్రిడ్‌లోని ప్రాడో మ్యూజియంలో మూడు చెక్క పలకల మీద గీసిన చిత్రం ఒకటి ఉంది. ఎడమవైపు ఏదెను తోటలో ఆదాము, హవ్వ. కుడివైపు నరకం, అందులో మనుషుల్ని మింగుతున్న పక్షితల జీవి. మధ్యలో బట్టల్లేని జనం, మనిషి కంటే పెద్ద స్ట్రాబెర్రీలు. ‘భూలోక సుఖాల తోట’ అన్న పేరు తర్వాతివాళ్లు పెట్టిందే. గీసిన నెదర్లాండ్స్ చిత్రకారుడు హీరోనిమస్ బాష్ 1516లో పోయాడు. ఉత్తరం గానీ డైరీ గానీ మిగల్లేదు కాబట్టి అర్థం చెప్పే పని చూసేవాళ్ల మీదే పడింది.

మరుసటి ఏడాదే బ్రస్సెల్స్‌లో, నాసావ్ ప్రభువుల భవనంలో దీన్ని చూసిన ఇటలీవాడు ఆంటోనియో దె బేటిస్‌కి ఇది కళ్లకు ఇంపైన వింతగానే తోచింది. తర్వాత ఇది స్పెయిన్ రాజు రెండో ఫిలిప్ చేతికొచ్చి, 1593లో మాడ్రిడ్ దగ్గర ఆయన కట్టించిన మఠం, రాజభవనం ఎస్కోరియల్ చేరింది. ఫిలిప్ కరడుగట్టిన కాథలిక్. అయినా బాష్ మతద్రోహి అన్న గుసగుసలు ఆగలేదు. వాటికి 1605లో హోసె దె సిగ్వెంజా అనే సన్యాసి జవాబిచ్చాడు: మిగతావాళ్లు మనిషి పైరూపం గీస్తారు, బాష్ లోపలి మనిషిని గీసే సాహసం చేశాడు. నాలుగు వందల ఏళ్లు దాటినా ఇంతకంటే మంచి మాట నాకు కనిపించలేదు.

20వ శతాబ్దంలో, కలల్లాంటి వింత దృశ్యాలు గీసే సర్రియలిస్టులు బాష్‌ని తమ పూర్వీకుడన్నారు. 1947లో కళా చరిత్రకారుడు విల్‌హెల్మ్ ఫ్రెంగర్ ఇంకా ముందుకెళ్లి, నగ్నంగా ప్రార్థించే ఆడమైట్ల రహస్య శాఖ కోసమే ఈ చిత్రం గీశాడన్నాడు. ఆ వాదన చదవడానికి ఎంత బాగున్నా, బాష్‌ని ఆ శాఖతో కలిపే కాగితం ఒక్కటీ లేదు. ఉన్న కాగితాలు వేరే చెబుతున్నాయి. సొంత ఊళ్లో మేరీమాత భక్తుల సోదరసంఘంలో 1480ల చివర్లో చేరి, ఆయన పెద్ద హోదా పొందాడు. చనిపోయినప్పుడు ప్రార్థన చేయించింది కూడా ఆ సంఘమే. డిర్క్ బాక్స్ అనే పండితుడు ఈ వింత ఆకారాల్లో చాలావాటిని డచ్ సామెతలతో, నుడికారంతో ముడిపెట్టి చూపించాడు. అప్పట్లో ఆ ఊరివాళ్లకు ఇవి మరీ అంత వింతగా ఉండి ఉండవు.

నా మొగ్గు భక్తుడి వైపే. కానీ మధ్య పలక దగ్గర ఆ నమ్మకం కాస్త సడలుతుంది. అది పాపాల చిత్రమైతే, అక్కడి ముఖాల్లో భయం, సిగ్గు ఎందుకు లేవు? ఏదెను తోట దిగంతరేఖ ఈ పలకలోకి తెగకుండా ఎందుకు సాగింది? ఆదాము హవ్వలు పాపం చేయకపోయి ఉంటే లోకం ఇలా ఉండేదని బాష్ ఊహించాడంటాడు కళా చరిత్రకారుడు హన్స్ బెల్టింగ్. కాదు, ఇది పాపం చేయొద్దన్న హెచ్చరిక అనేవాళ్లు ఆ పక్కనే ఉన్న నరకాన్ని చూపిస్తారు.