లెసోతో నీళ్లు జోహన్నెస్‌బర్గ్‌కు ఎలా మళ్లాయి

లెసోతోకు ఏ దిక్కున పొలిమేర దాటినా అడుగు పడేది దక్షిణాఫ్రికాలోనే. వైశాల్యం 30,355 చదరపు కిలోమీటర్లు, జనాభా 20 లక్షల పైచిలుకు. అక్కడివాళ్ల నోట దేశం పేరు దాదాపు ‘లెసూటూ’ అని పలుకుతుంది. దేశంలో అన్నిటికన్నా పల్లపు చోటు కూడా సముద్రమట్టానికి 1,400 మీటర్ల ఎత్తున ఉంది. సాగునేల పదో వంతుకు అటూఇటూ. మిగిలిందంతా కొండలు, లోయలు, నదులు.

ఈ కొండలే ఎందుకు మిగిలాయంటే 19వ శతాబ్దానికి వెళ్లాలి. 1824లో తాబా బోసియు అనే బల్లపరుపు కొండను కోటగా చేసుకున్న మొష్వేష్వే, చెల్లాచెదురైన తెగలను కూడగట్టి బసోతో జాతిని నిలబెట్టాడు. కాలెడన్ నది పడమటి పొలాల కోసం బోయర్లు (డచ్ సంతతి వలసదారులు) 1858లో ఒకసారి, 1865 నుంచి మరోసారి అతనితో యుద్ధం చేశారు. దిక్కుతోచక బ్రిటిష్ రక్షణ అడిగితే 1868 మార్చి 12న దొరికింది. మరుసటి ఏడు అలీవాల్ నార్త్ ఒప్పందంలో మంచి పొలాలు బోయర్లకు పోయాయి. 1966 అక్టోబర్ 4న స్వాతంత్ర్యం వచ్చేనాటికీ సరిహద్దు అదే. ఆ భూమి తిరిగి అడగాలంటూ 2023లో కూడా పార్లమెంటులో తీర్మానం పెట్టారు.

పొలాలు పోయినా నదులు ఉన్నాయి. సెంకూ నది తన దారిన తాను నైరుతికి పారి, ఆరెంజ్ నదిగా అట్లాంటిక్‌లో కలుస్తుంది. గనులూ ఫ్యాక్టరీలూ ఉన్న జోహన్నెస్‌బర్గ్ మాత్రం ఉత్తరాన ఉంది. దిగువన నీళ్లు పట్టి ఎత్తిపోయాలంటే కరెంటు ఖర్చు తడిసి మోపెడవుతుంది. పైనే ఆపి, కొండలో సొరంగం తొలిస్తే పంపు అక్కర్లేదు. 185 మీటర్ల కాట్సే డ్యామ్ నుంచి 45 కిలోమీటర్ల సొరంగం మ్యుయేలా వరకు, అక్కడ 72 మెగావాట్ల విద్యుత్ కేంద్రం, మళ్లీ 37 కిలోమీటర్ల సొరంగం, ఆపైన యాష్ నది మీదుగా జోహన్నెస్‌బర్గ్‌కు నీళ్లిచ్చే వాల్ డ్యామ్. ఈ పథకం 1998 జనవరిలో ప్రారంభమైంది. మొదటి దశ లెక్క ఏడాదికి 78 కోట్ల ఘనమీటర్లు, మన లెక్కలో సుమారు 27.5 టీఎంసీలు. ఇలా ఆదా అయ్యే ఖర్చులో 56 శాతం లెసోతోకు రాయల్టీగా రావాలన్నది ఒప్పందం.

బేరం మాటెలా ఉన్నా, సంతకం పెట్టిన సమయమే ముల్లులా గుచ్చుకుంటుంది. దక్షిణాఫ్రికా 1986 జనవరి మొదట్లో సరిహద్దు మూసేసింది. 20వ తేదీన సైన్యం ప్రధాని లెబువా జోనథన్‌ను దించేసింది. అక్టోబర్ 24న ఒప్పందం. చర్చించడానికి ఎన్నికైన పార్లమెంటే లేదు.

1998 ఎన్నికల్లో ఒకే పార్టీకి దాదాపు 60 శాతం ఓట్లతో 80లో 79 సీట్లు రావడంతో గొడవలు చెలరేగాయి. సెప్టెంబర్‌లో దిగిన దక్షిణాఫ్రికా సైన్యం రాజధాని మసేరుతో పాటు కాట్సేకూ వెళ్లింది. అక్కడ కాపలా ఉన్న లెసోతో సైనికులు చనిపోయారు. ఆ తర్వాతే ఓట్ల శాతాన్ని బట్టి సీట్లిచ్చే దామాషా పద్ధతి తెచ్చారు: ఇప్పుడు 120 సీట్లలో 40 ఆ లెక్కన నింపుతారు. రాజు మూడో లెట్సీ పేరుకే అధినేత, పాలన ప్రధానిది. సెనేట్‌లో 33 మందిలో 22 మంది వంశపారంపర్య పెద్దలు.

కొండల్లో ఉన్నవాళ్లకు మిగిలిందేమిటి? 1995 అక్టోబర్‌లో కాట్సే నింపడం మొదలుపెట్టాక నీటి బరువుకు భూమి కంపించి, మాపెలెంగ్ ఊరి మీదుగా కిలోమీటరున్నర పొడవున నేల చీలింది. మసేరు కుళాయిలకూ ఈ నీళ్లు నేరుగా రావు. సొరంగం ఉత్తరానికి పోతుంది మరి. అందుకే రాజధాని కోసం విడిగా మెటొలాంగ్ డ్యామ్ కట్టుకోవాల్సి వచ్చింది.

రెండో దశ ఒప్పందం 2011లో కుదిరింది. పొలిహాలీ డ్యామ్, అక్కడి నుంచి కాట్సేకు 38 కిలోమీటర్ల సొరంగం. మునిగే పొలాలకు పరిహారం 50 ఏళ్లకే ఆపేస్తే ఆపైన తమ పిల్లల సంగతేమిటని మొఖోట్లాంగ్ జిల్లా ఊళ్లు అడుగుతున్నాయి.