ఏంజెల్ ఐలాండ్ గోడల మీది పద్యాలకు పేర్లెందుకు లేవు?

శాన్‌ఫ్రాన్సిస్కో అఖాతంలోని ఏంజెల్ ఐలాండ్‌లో ఓ పాత చెక్క బ్యారక్ ఉంది. వలస వచ్చినవాళ్లను 1910 నుంచి 1940 దాకా అందులో నిర్బంధించారు. గోడల మీద వాళ్లు చెక్కిన చైనీస్ పద్యాలు 200కు పైగా దొరికాయి. చాలావాటి కింద రాసినవారి పేరు లేదు. దానికి కారణం 1882 నాటి చట్టంతో మొదలవుతుంది.

ఆ ఏడాది అమెరికా చైనా కూలీల రాకను నిషేధించింది. వర్తకులు, విద్యార్థుల వంటి కొద్దిమందికీ, అమెరికా పౌరుల పిల్లలకూ మాత్రమే దారి మిగిలింది. 1906 భూకంపం తర్వాత చెలరేగిన మంటల్లో శాన్‌ఫ్రాన్సిస్కోలోని జనన రికార్డులు కాలిపోయాయి. దాంతో అక్కడున్న చైనీయులు చాలామంది తాము అమెరికాలోనే పుట్టామని చెప్పుకోగలిగారు. స్వదేశం వెళ్లొచ్చినప్పుడల్లా ఓ కొడుకు పుట్టాడని నమోదు చేయించి, ఆ కొడుకు స్థానాన్ని బంధువులకో, డబ్బిచ్చినవాళ్లకో ఇచ్చేవారు. అలా వచ్చినవాళ్లే ‘కాగితపు కొడుకులు’. అది అబద్ధమే, కాదనను. కానీ ఓ జాతిలో దాదాపు అందరికీ తలుపు మూసేశాక వాళ్లకు మిగిలిన దారి అదొక్కటే.

అధికారులకూ ఈ సంగతి తెలుసు. అందుకే విచారణ అంత కఠినంగా ఉండేది. మీ ఇంటికి మెట్లెన్ని? బియ్యం ఎక్కడ పోసుకుంటారు? మీ వరసలో మూడో ఇల్లు ఎవరిది? ఇవే ప్రశ్నలు తండ్రినీ, సాక్షులనూ అడిగేవారు. జవాబులు కలవకపోతే వెనక్కి పంపేయడమే. సొంత కొడుకులు కూడా ఆ టెన్షన్‌లో తడబడేవారు. అందుకని ఓడలోనే జవాబులు బట్టీపట్టి, దిగేముందు ఆ కాగితాలు సముద్రంలో పారేసేవారు. కొందరు రోజుల్లో బయటపడితే కొందరికి నెలలు పట్టింది. ఒక స్త్రీని దాదాపు 2 ఏళ్లు ఉంచారు.

విచారణ గదిలో నోరు జారకూడదు. మనసులో మాట చెప్పుకోవడానికి గోడే దిక్కయింది, అదీ పేరు పెట్టకుండా. రాసినవాళ్లలో ఎక్కువమంది గ్వాంగ్‌డాంగ్ పల్లెలవాళ్లు. అయినా ఛందస్సు వదల్లేదు: 4 లేదా 8 పాదాలు, పాదానికి 5 లేదా 7 అక్షరాలు. పరాయి రాజ్యంలో 19 ఏళ్లు బందీగా ఉన్న ప్రాచీన చైనా హాన్ వంశపు రాజదూత సూ వూను తలుచుకున్నారు. ఇంటిమీద బెంగతో పాటు, తమ దేశం బలహీనమైనందుకే ఈ అవమానమన్న కోపమూ ఆ పద్యాల్లో ఉంది. నాకు వాటిలో దుఃఖం కన్నా ఆ కోపమే గట్టిగా వినిపిస్తుంది.

భారతీయులూ ఇక్కడికి వచ్చారు, ఎక్కువగా పంజాబీలు. పేగుల్లో కొంకిపురుగులు (హుక్‌వార్మ్) ఉన్నాయనీ, ప్రభుత్వానికి భారమవుతారనీ సాకులు చెప్పి, మిగతా దేశాలవాళ్లకన్నా ఎక్కువ శాతం వీళ్లనే తిప్పి పంపారు. 1917 చట్టంతో ఆసియాలో దాదాపు అందరికీ దారి మూసుకుపోయింది.

అధికారులకు ఆ పద్యాలు గోడలు పాడుచేసే పిచ్చిరాతలు. గాట్లలో పుట్టీ నింపి, రంగు వేయించారు. 1931, 32లో అక్కడ నిర్బంధంలో ఉన్న స్మైలీ జాన్, టెట్ యీ చెరి 90కి పైగా పద్యాలను నోట్‌బుక్‌లలోకి ఎక్కించుకున్నారు. స్త్రీల పద్యాలకు ఆ అదృష్టం కూడా లేదు. వాళ్లుండే గదులు పరిపాలనా భవనంలో ఉండేవి. 1940 ఆగస్టులో అది కాలిపోయింది.

నిషేధ చట్టం 1943లో రద్దయింది. అయినా చైనీయుల్లో ఏడాదికి 105 మందికే ప్రవేశం! బ్యారక్‌ను కూల్చేద్దామనుకుంటున్న రోజుల్లో, 1970లో, పార్క్ రేంజర్ అలెగ్జాండర్ వైస్ ఈ రాతలు గమనించి పట్టించుకోబట్టే అవి మిగిలాయి. ఆ తర్వాత పరిశోధకులు పాత నిర్బంధితులను వెతుక్కుంటూ వెళ్లారు. కాగితపు పేర్లతోనే పెళ్లిళ్లు చేసుకుని, పిల్లలకూ అవే ఇంటిపేర్లు ఇచ్చినవాళ్లు ఎంతోమంది. నిజం తెలిస్తే కుటుంబాన్నంతా దేశం నుంచి పంపేస్తారేమోనన్న భయం అప్పటికీ పోలేదు. చాలామంది తమ అసలు పేర్లు బయటికి రాకూడదన్న షరతు మీదే మాట్లాడారు.