పరిగె ఏరే చేను దగ్గరికి

ప్రియమైన పిల్లలకు,

ప్రభువు నామంలో వందనాలు.

క్రిస్మస్‌కి పల్లెల్లో దుప్పట్లు పంచాలని యూత్ మీటింగ్‌లో అనుకున్నారని విన్నాను. చాలా సంతోషం. అంతకంటే ముందు ఒక శనివారం నాకివ్వండి. నార్పల వైపు చెనక్కాయ (వేరుశనగ) చేనికి పోదాం.

నేలలో పదును ఆరాక కట్టె, అంటే చెనక్కాయ మొక్క, పీకితే కాయలు కొన్ని మట్టిలోనే తెగి ఉండిపోతాయి. రైతు కట్టె తోలుకుపోయాక కూలివాళ్లు, ముసలివాళ్లు ఆ మట్టి తవ్వి ఒక్కో కాయా ఏరుకుంటారు. గోళ్ల సందుల్లో ఎర్రమట్టి, పొద్దంతా వంగితే కొంగులో చిన్న మూట. అదే పరిగె. బైబిల్లో పేద విధవరాలు రూతు బేత్లెహేములో ఏరుకున్నదీ పరిగే. అక్కడ యవలు, ఇక్కడ చెనక్కాయలు.

లేవీయకాండం 19వ అధ్యాయం తీసి చూడండి. పొలం అంచుల దాకా కోయొద్దు, రాలింది ఏరొద్దు, బీదలకూ పరదేశులకూ వదిలేయమన్నాడు దేవుడు. వాళ్లే వచ్చి తమ చేతులతో ఏరుకుంటారు, ఎవరి ముందూ చేయి చాపే పని లేదు. రూతు ఏరిన చేను యజమాని బోయజైతే ఆమె కోసం కట్టల్లోంచి కొన్ని కావాలనే జారవిడవమని పనివాళ్లకు చెప్పాడు, ఆమెను ఒక్క మాటా అనొద్దన్నాడు. అది చదివినప్పుడల్లా నాకు ఒకామె గుర్తొస్తుంది.

నాకు ఇరవై ఏళ్లప్పుడు మేమూ ఒక పల్లెలో క్రిస్మస్‌కి చీరలు పంచాం. వరుస కట్టించి, మైకులో పేర్లు పిలిచాం. మా కళ్లంలో పనికొచ్చే ఆమె పేరు వచ్చింది. కొంగు ముఖానికి అడ్డం పెట్టుకుని వచ్చి, నా వైపు చూడకుండా చీర తీసుకుని పోయింది. సంక్రాంతి లోపే ఆ ఇంటికి తాళం పడింది. చేను ఎండి, అప్పు పెరిగి, బెంగళూరు కట్టడాల పనికి పోయారని తర్వాత తెలిసింది. ఆ రోజు మాలో ఒక్కరమూ "ఎట్లున్నావక్కా" అని అడగలేదు.

ఒళ్లు వంచకే పేదవాళ్లయ్యారని ఎవరైనా అంటే నమ్మకండి. అనంతపురంలో ఏడాదికి కురిసేది సుమారు 550 మిల్లీమీటర్లు. నైరుతి మేఘాలు పడమటి కనుమల మీదే చాలావరకు కురిసిపోతాయి, ఈశాన్య వానలు మన దాకా వచ్చేసరికి బలం తగ్గిపోతాయి. చెనక్కాయకు ఊడలు దిగే రోజుల్లో వాన మొహం చాటేస్తే ఆ ఏటి కష్టమంతా మట్టిపాలే. దేశమంతటికీ ఉపాధి హామీ పథకాన్ని 2006 ఫిబ్రవరి 2న మన నార్పల మండలం బండ్లపల్లిలోనే మొదలుపెట్టారు. కరువు పనుల అవసరం ఇక్కడ అంత ఉంది.

శనివారం పొద్దున ఆరింటికి చర్చి దగ్గర ఉండండి. టవలు, నీళ్ల సీసా తెచ్చుకోండి. ఫోన్లు సంచిలోనే ఉండాలి, ఫోటోలు వద్దు. వాళ్ల పక్కన కూర్చుని ఏరండి, ఏరింది వాళ్ల మూటలోనే వేయండి. అప్పుల సంగతి మీరు అడగొద్దు. పిల్లలెక్కడున్నారు, ఈ ఏడు పంటెట్లుంది అని అడగండి, మిగతాది వాళ్లు చెప్తే వినండి. దుప్పట్లు ఎట్లా ఇవ్వాలో తిరిగొచ్చాక కూర్చుని మాట్లాడుకుందాం.

మీ తాత