మధ్యలో ఏమీ లేకుండా లాగేదెలా?

భౌతికశాస్త్రం చదివిన ఇద్దరు ఒకే సమీకరణం రాసి, ఒకే జవాబు తెచ్చి, అసలు ప్రపంచం ఎలాంటిదన్న మాట దగ్గర పేచీ పడుతుంటారు. ఆ పేచీల్లో చాలావాటి మూలం పాత ప్రశ్నే: ఇక్కడున్న వస్తువు, మధ్యలో ఏ ఆసరా లేకుండా, ఎక్కడో ఉన్న వస్తువును ప్రభావితం చేయగలదా?

ఈ ప్రశ్న న్యూటన్‌నే ఇబ్బంది పెట్టింది. 1687 నాటి ఆయన గురుత్వాకర్షణ సూత్రంలో సూర్యుడు భూమిని లాగుతాడు. ఎలా లాగుతాడో ఉండదు. శూన్యంలో అలా లాగుతుందనడం వట్టి అసంబద్ధమని 1693లో మతపండితుడు రిచర్డ్ బెంట్లీకి రాసిన ఉత్తరంలో ఆయనే ఒప్పుకున్నారు. అయినా సూత్రాన్ని వదల్లేదు. లెక్క కుదురుతోంది మరి!

ఫారడే బలరేఖలు, మాక్స్‌వెల్ విద్యుదయస్కాంత క్షేత్రం, 1915లో ఐన్‌స్టీన్ సాధారణ సాపేక్షత వచ్చాక ప్రభావం చోటు నుంచి చోటుకు, కాంతివేగం దాటకుండా పాకుతుందని తేలింది. తగువు తీరిందనుకున్నారు.

అణువులు, కణాల నడతను లెక్కగట్టే క్వాంటమ్ మెకానిక్స్ దాన్ని తిరగదోడింది. ఒకదానితో ఒకటి ముడిపడ్డ రెండు కణాల్లో ఒకదాన్ని కొలిచి, దూరంగా ఉన్న రెండో కణాన్ని తాకకుండానే దాని కొలత ఫలితం కచ్చితంగా చెప్పగలిగితే, ఆ ఫలితం ముందే అక్కడ ఉండాలి కదా అని 1935లో ఐన్‌స్టీన్, పొడోల్‌స్కీ, రోజెన్ వాదించారు. నాకు ఇప్పటికీ అది బలమైన వాదనే. 1964లో జాన్ బెల్ దాన్ని ప్రయోగానికి అందే అసమానతగా మార్చారు. తర్వాత వాడుకలోకి వచ్చిన రూపంలో, రెండు వైపుల ఫలితాలు ఎంతగా జత కుదురుతాయో చెప్పే ఒక సంఖ్య ఉంటుంది. ఫలితాలు ముందే ఉన్నాయి, దూరప్రభావం లేదు అన్న ఐన్‌స్టీన్ ఊహకు దాని హద్దు 2, క్వాంటమ్ లెక్క 2.83 దాకా వెళ్తుంది.

2015లో నెదర్లాండ్స్‌లోని డెల్ఫ్ట్‌లో రెండు వజ్రాల్లోని ఎలక్ట్రాన్లను 1.3 కిలోమీటర్ల ఎడంలో పెట్టి, అలా ముడివేసి కొలిచారు. ఆ దూరం దాటడానికి కాంతికి సుమారు 4.3 మైక్రోసెకన్లు కావాలి. ఆలోపే రెండు వైపులా కొలత ముగిసింది. 245 విడతల్లో తేలిన విలువ 2.42. అంటే 2 హద్దు దాటింది, ఐన్‌స్టీన్ ఊహ నిలవలేదు.

మరి ఏది వదులుకోవాలి? 1952లో భౌతికశాస్త్రవేత్త డేవిడ్ బోమ్ కణాలకు నిశ్చిత స్థానాలు ఉంచి, దూరప్రభావాన్ని ఒప్పుకున్నారు. 1957లో మరో భౌతికశాస్త్రవేత్త హ్యూ ఎవరెట్ కొలతకు ఒకే ఫలితం ఉంటుందన్న నమ్మకాన్నే వదిలేశారు. కొలవకముందు విలువే లేదనేవాళ్లూ ఉన్నారు. ప్రయోగ ఫలితాలు అందరికీ సరిపోతాయి.

నా మొగ్గు బోమ్ వైపే గానీ, ఒక్క అనుమానం వదలదు. ముడిపడ్డ కణాల మధ్య ఉన్న ఈ సంబంధాలతో కాంతిని మించిన వేగంతో కబురు పంపడం కుదరదు. ప్రభావం నిజంగానే తక్షణం చేరుతుంటే, అది మన వాడకానికి ఎందుకు చిక్కదు?