గాజుగిన్నెలో నారుమడి

చి. సౌమ్యకు, చి. అభికి తాతయ్య ఆశీస్సులు.

కార్తీక పౌర్ణమి నాడు దీపాలు వదలబోయి వేణు మామయ్య చెరువు మెట్ల మీద తడబడ్డాడు కదా. "కన్ను తీసి చూడలేరు కదా తాతయ్యా, మరి లోపల ఏం చెడిందో డాక్టర్లకి ఎలా తెలుస్తుంది?" అని సౌమ్య అడిగింది. అప్పట్నుంచీ నాకు అదే ధ్యాస.

మామయ్యది వంశంలో వచ్చే రేచీకటి. కంటి వెనక రెటీనా అనే పల్చటి పొర ఉంటుంది. మసక వెలుతురును పట్టే కణాలు అందులో 12 కోట్ల దాకా ఉంటాయి. మామయ్యకి అవి మెల్లగా రాలిపోతున్నాయి.

మన పొలం తలుచుకోండి. పైరు ఎర్రబారితే చేనంతా పీకి చూడం. ఆ రకం విత్తనాలే గుప్పెడు తెచ్చి, పెరట్లో నారు పోసి, మొలక నాటి నుంచీ కనిపెట్టుకుని ఉంటాం. ఏ ఆకు ఎప్పుడు పండుబారిందో అప్పుడు తెలుస్తుంది. కంటికి విత్తనం ఎక్కడిదంటారా? మామయ్య చేతి నుంచి తీసిన కాస్త రక్తం చాలు! జపాన్‌లో శాస్త్రవేత్త యమనక గారు 2006లో ఎలుక కణాలను, 2007లో మనిషి కణాలను తిరిగి పసికణాలుగా మార్చారు. పసికణం ఏ అవయవపు కణంగానైనా ఎదగగలదు. 2011లో కోబె నగరంలో సాసాయి గారి బృందం ఎలుక పిండకణాలకు తగిన మేత వేసి ఊరుకుంటే, ఎవరూ మలచకుండానే అవి ముడుచుకుని, పిండంలో కన్ను మొదలయ్యే చిన్న గిన్నెలా తయారయ్యాయి. ఎవరు చెప్పారు వాటికి? నాకిప్పటికీ ఆశ్చర్యమే.

మన నారు నెల తిరక్కుండా నాట్లకొస్తుంది. మనిషి కంటి నారుకు ఆరు నెలలు దాటాలి, కడుపులో బిడ్డ కన్ను కూడా అంత నిదానంగానే తయారవుతుంది మరి. చివరికి వచ్చేది నువ్వుగింజంత ముద్ద. అంచున సన్నటి నూగు. వెలుగును పట్టేది ఆ నూగే. ఆ ముద్దకు చూపు రాదు, మెదడుకు దారి లేదు. జబ్బు ఎక్కడ మొదలైందో మాత్రం చూపిస్తుంది.

2016లో లండన్‌లో పుట్టుగుడ్డితనం ఉన్నవారి చర్మం నుంచి ఇలాగే నారు పోశారు. ఒకే జన్యువులో ఒకే తప్పు, అయినా చర్మకణాల కన్నా రెటీనా కణాలే ఎక్కువ దెబ్బతిన్నాయి. ఆ తప్పును కప్పేసే మందు వేస్తే అవి చాలావరకు తేరుకున్నాయి. మన హైదరాబాద్‌లో ఎల్.వి. ప్రసాద్ నేత్ర వైద్య సంస్థలోనూ ఈ నారు పెంచుతున్నారు.

మా చిన్నాన్నకీ ఇదే జబ్బు. తిరునాళ్ల నుంచి వచ్చేటప్పుడు కాలవగట్టు మీద నేను లాంతరు పట్టుకుని ముందు నడిచేవాణ్ణి, ఆయన చెయ్యి నా భుజం మీద ఉండేది. గట్టు విరిగిన చోట ఆ చెయ్యి బిగుసుకునేది. నాయనమ్మ మునగాకు, మేక కార్జం వండి పెట్టేది. తిండిలోపం వల్ల వచ్చే రేచీకటి వాటితో తగ్గుతుంది, చిన్నాన్నది ఆ రకం కాదు. పిల్లలు వెక్కిరిస్తే ఆయన నవ్వేసేవాడు. మీరు మాత్రం మామయ్యకి అడక్కముందే చెయ్యి అందించండి.

అమావాస్య దగ్గరపడ్డాక డాబా ఎక్కి తూర్పున పిల్లలకోడిని, అంటే కృత్తికల చుక్కల గుంపును వెతకండి. సూటిగా చూస్తూ చుక్కలు లెక్కపెట్టండి. తర్వాత చూపు కాస్త పక్కకి తిప్పి మళ్లీ లెక్కపెట్టండి. మసకవెలుతురు కణాలు రెటీనా నట్టనడుమ ఉండవు, పక్కనే గుంపుగా ఉంటాయి. రెండు లెక్కలూ నాకు రాసి పంపండి.

మీ తాతయ్య