ఆ పదో వంతు నేల ఏమైంది?

హైదరాబాద్ శివార్లలో స్థలం కొనేవారు ముందు గజం ధర అడుగుతారు, ఆ తరువాత ముఖం ఎటు అని. తూర్పు ముఖానికి గిరాకీ ఎక్కువ కాబట్టి వీలైనంతవరకు రోడ్లను ఉత్తర దక్షిణాలుగా గీస్తారు. పార్కు ఎక్కడ అని అడిగేవారు అరుదు. అనుమతి లేని లేఔట్లలోని ప్లాట్లను రుసుము తీసుకుని క్రమబద్ధీకరించే ఎల్ఆర్ఎస్ పథకం ఏళ్ల తరబడి నలుగుతోంది. ఆ వ్యవహారానికి మూలం ఆ అడగని ప్రశ్నలోనే ఉంది.

లెక్క చూడండి. ఎకరం అంటే 4,840 గజాలు. నిబంధన ప్రకారం పదో వంతు, అంటే 484 గజాలు, ఖాళీ స్థలంగా వదిలి గిఫ్ట్ డీడ్‌తో స్థానిక సంస్థకు అప్పగించాలి. 40 అడుగుల రోడ్లు వేస్తే మూడో వంతు దాకా వాటికే పోతుంది. 30 బై 60 అడుగుల ప్లాట్లు, అంటే 200 గజాలవి, పదమూడో పద్నాలుగో మిగులుతాయి. పార్కును అమ్మేసి, రోడ్డును 20 అడుగులకు కుదిస్తే మరో ఆరు ప్లాట్లు వస్తాయి. ఈ ఆరు ప్లాట్ల ఆశ ముందు ఏ నిబంధనా గట్టిగా నిలవలేదు.

నిజానికి ఈ నగరానికి ప్రణాళిక కొత్త కాదు. 1908 మూసీ వరద తరువాత, 1912లో సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు ఏర్పడింది. ఇరుకు బస్తీలను తొలగించి, వెడల్పు దారులతో ఇళ్లు కట్టించింది. హుడా, అంటే హైదరాబాద్ పట్టణాభివృద్ధి సంస్థ, రావడానికి మాత్రం 1975 దాకా ఆగాల్సి వచ్చింది. మరుసటి ఏడాదే పట్టణ భూపరిమితి చట్టం వచ్చింది. అప్పట్లో హైదరాబాద్‌లో ఒకరికి 1,000 చదరపు మీటర్ల ఖాళీ స్థలమే పరిమితి. మిగులు భూమి సర్కారుకు పోతుందన్న భయంతో చాలామంది నోటరీ కాగితాల మీద, సాదాబైనామాల (రిజిస్టర్ కాని తెల్లకాగితపు అమ్మకపత్రాల) మీద ముక్కలు చేసి అమ్మేశారు. అలాంటి అమ్మకాల్లో పార్కు గురించి ఎవరు ఆలోచిస్తారు?

తరువాతి వంతు పంచాయతీలది. సర్పంచ్ సంతకం, ముద్ర ఉన్న నక్షా చూపించి 'పంచాయతీ లేఔట్' అని అమ్మేవారు. హుడా సాంకేతిక అనుమతి ఉందా లేదా అని కొన్నవారికి పట్టలేదు, రిజిస్ట్రేషన్ ఎలాగూ అయిపోయేది. ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ పరీవాహక ప్రాంతానికి 1996లో వచ్చిన జీవో 111 అయితే కొత్త లేఔట్లలో 60 శాతం నేలను రోడ్లకు, ఖాళీ స్థలాలకు వదలాలంది. అక్కడా ఫామ్‌హౌస్‌లు మొలిచాయి.

ఇక క్రమబద్ధీకరణ. 2007 డిసెంబర్ 31న జీవో 902, 2015 నవంబర్‌లో జీవో 151, 2020 ఆగస్టు 31న జీవో 131. చివరిదానికి రాష్ట్రం మొత్తం మీద సుమారు 25 లక్షల దరఖాస్తులు వచ్చాయి. ప్రతిసారీ ఒక కటాఫ్ తేదీ పెట్టారు, ప్రతిసారీ తరువాతి పథకం దాన్ని ముందుకు జరిపింది. వెంచర్ వేసేవారికి ఇంతకంటే స్పష్టమైన సంకేతం ఏం కావాలి?

నాకు అన్నిటికంటే విడ్డూరంగా తోచేది 14 శాతం రుసుము. లేఔట్‌లో పదో వంతు ఖాళీ స్థలం లేకపోతే, ప్లాటు విలువలో 14 శాతం చెల్లించాలి. అంటే ఆరు ప్లాట్లు అదనంగా అమ్ముకున్నవాడు ఎప్పుడో వెళ్లిపోయాడు, లేని పార్కుకు డబ్బు కడుతున్నది ఒక్క ప్లాటు కొన్నవాడు. 2025లో ఈ రుసుములపై 25 శాతం రాయితీ కూడా ఇచ్చారు. కట్టినవారికి ఇంటి అనుమతి, బ్యాంకు రుణం సులువయ్యాయి, అందులో తప్పు పట్టను. కానీ నాలుగు వైపులా ఇళ్లు లేచాక ఆ సొమ్ముతో 484 గజాలు ఎక్కడ దొరుకుతాయి?

ఇప్పుడు హుడా స్థానంలో వచ్చిన హెచ్ఎండీఏ అనుమతి ఇచ్చేటప్పుడు 15 శాతం ప్లాట్లను తనఖా పెట్టించుకుని, రోడ్లు, కాలువలు పూర్తయ్యాకే విడుదల చేస్తుంది. పాత కాలనీలకు ఆ భాగ్యం లేదు. అక్కడ పిల్లలు ఇంకా ఇల్లు కట్టని ఎవరిదో ప్లాటులో క్రికెట్ ఆడుకుంటారు, యజమాని వచ్చి పునాదికి ముగ్గు పోసేదాకా.