నొప్పి లేదుగా, పరీక్ష ఎందుకు?

2025 మార్చిలో తూర్పుగోదావరి జిల్లా బిక్కవోలు మండలం బలభద్రపురం పేరు శాసనసభ దాకా వెళ్లింది. ఊళ్లో క్యాన్సర్ కేసులు ఎక్కువయ్యాయన్న ఆందోళనతో వైద్య బృందాలు ఇంటింటికీ తిరిగి పరీక్షలు చేశాయి. అలా ఊరు ఉలిక్కిపడితే వేరే సంగతి గానీ, మామూలు రోజుల్లో డెల్టా పల్లెల్లో ఆశా కార్యకర్తకు ఎదురయ్యే మాట ఒకటే: "నాకేం నొప్పి లేదుగా, పరీక్ష ఎందుకమ్మా?"

ఈ ప్రశ్నకు పాత చరిత్ర ఉంది. 1950ల్లో అమెరికా ప్రజారోగ్య శాఖ క్షయ పరీక్షలకు ఎక్స్‌రే వ్యాన్లను జనం ముంగిటికే పంపింది. ఉచితమే, అయినా చాలామంది రాలేదు. కారణం వెతికిన సామాజిక మనస్తత్వవేత్త గాడ్‌ఫ్రీ హాక్‌బామ్ 1958లో ఫలితాలు ప్రచురించారు. జబ్బు తమకూ రావచ్చని, ముందే కనిపెడితే మేలని, ఈ రెండూ నమ్మినవాళ్లలో 82 శాతం మంది తమంతట తామే ఎక్స్‌రే తీయించుకున్నారు. రెండూ నమ్మనివాళ్లలో 21 శాతమే. జబ్బు గురించి మనిషి ఏం నమ్ముతాడో దాన్నిబట్టే పరీక్షకు వస్తాడా రాడా అన్నది ఉంటుందని చెప్పే 'ఆరోగ్య నమ్మకాల నమూనా' అనే సిద్ధాంతం ఆ కృషిలోంచే పుట్టింది. క్యాన్సర్ పరీక్షలకు కొందరే ఎందుకు వస్తారో చెప్పడానికి ఇప్పటికీ దాన్నే వాడుతున్నారు.

మన దగ్గర ఆ నమ్మకాలు ఎక్కడివి? అజ్ఞానం అని కొట్టిపారేయడం నాకు అన్యాయం అనిపిస్తుంది. ఇది తరాల తరబడి లంక పొగాకు పండించిన నేల. చుట్ట కాల్చీ ఎనభై ఏళ్లు బతికిన తాత ప్రతి ఊళ్లోనూ ఉంటాడు. నోట్లో పుండు మానకపోతే వేడి చేసిందనుకుని మజ్జిగ తాగి ఊరుకుంటారు. ముదిరాక విశాఖకో హైదరాబాద్‌కో తీసుకెళితే, ఆపరేషన్ అయిన కొన్నాళ్లకే మనిషి పోతాడు. చూసినవాళ్లకు మిగిలేది "కత్తి తగిలితే పాకుతుంది" అన్న మాట. ప్రాణం తీసింది ఆలస్యం, నింద పడింది కత్తి మీద. 2007లో వచ్చిన ఆరోగ్యశ్రీ పేదలకు ఆపరేషన్ ఖర్చు భారం తగ్గించింది గానీ ఈ భయాన్ని తీయలేకపోయింది.

ఆడవాళ్ల సంగతి ఇంకా కష్టం. తెల్లబట్ట అవుతోందని అత్తగారికి కూడా చెప్పుకోలేరు. మగ డాక్టరైతే అసలు వెళ్లరు. పెళ్లీడు కూతురుంటే, విషయం బయటికి పొక్కితే సంబంధాలు రావన్న టెన్షన్.

2016లో కేంద్రం ముప్పై ఏళ్లు దాటినవాళ్లకు నోరు, రొమ్ము, గర్భాశయ ముఖద్వారం పరీక్షలు చేయాలని మార్గదర్శకాలిచ్చింది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే నాటికి దేశంలో 30-49 ఏళ్ల మహిళల్లో గర్భాశయ ముఖద్వార పరీక్ష ఎప్పుడైనా చేయించుకున్నవాళ్లు 1.9 శాతం, రొమ్ము పరీక్ష 0.9 శాతం. ఫలితం లేని పరీక్షలేమీ కావివి. ముంబై మురికివాడల్లో ఆరోగ్య కార్యకర్తలే పలచని ఎసిటిక్ ఆమ్లం పూసి చూసే పరీక్షతో గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ మరణాలు 31 శాతం తగ్గాయి.

అయితే భారమంతా నమ్మకాల మీదే వేయకూడదు. నాట్ల రోజుల్లో కూలి పోగొట్టుకుని రమ్మంటే ఎవరొస్తారు? మహిళా డాక్టరు ఫలానా రోజు ఉంటారని ముందే చెప్పాలి, ఫలితం గుట్టుగా చేరాలి, తేడా ఉంటే పెద్దాసుపత్రికి ఎవరైనా తోడు వెళ్లాలి. తొలిదశలో బయటపడి నయమైనవాళ్లు డెల్టా ఊళ్లలో ఉన్నారు. పరువు పోతుందని వాళ్లు నోరు విప్పరు. వాళ్లలో ఇష్టపడి ముందుకొచ్చినవాళ్లను ఆశా కార్యకర్తలతో పాటు ఇళ్లకు పంపే ఏర్పాటు ఉండాలి.